తిరిగొచ్చిన డాలరు చెక్కు.. ఖాతాలో కోతకు లెక్కేదీ?

విడివిడిగా అడిగితేనే తేలేది.. వసూలుకు ఇచ్చారా, కొనుగోలుకా అన్నదే కీలకం

శ్రీశైలం: అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపిన చెక్కు కావచ్చు. గల్ఫ్‌లో యజమాని లెక్క తేల్చి ఇచ్చిన చెక్కు కావచ్చు. స్వామివారి సన్నిధిలో అన్నదానానికి దాత పంపిన చెక్కు కావచ్చు. బ్యాంకులో వేశాక అది చెల్లకుండా తిరిగొస్తే ఖాతాదారుకు రెండు దెబ్బలు తగులుతాయి. రావలసిన సొమ్ము రాదు సరికదా, ఉన్న సొమ్ములోనూ కోత పడుతుంది. ఆ కోత వందల్లో ఆగకుండా వేలకు చేరినప్పుడు పాసు పుస్తకంలో కనిపించేది ఒకటి రెండు పొట్టి అక్షరాలు, ఒక అంకె మాత్రమే. అది దేనికి, ఎవరికి, ఏ లెక్కన పోయిందో అందులో ఉండదు.

ఈ కోతలో కొంత న్యాయమైనదే. దాన్ని భరించక తప్పదు. మరికొంత మాత్రం వివరణ లేకుండా వసూలయ్యేది, గట్టిగా అడిగితే వెనక్కి రాదగినది. రెండింటినీ వేరుచేసి చూడకుండా మొత్తం తిరిగి ఇచ్చేయాలని కోరితే బ్యాంకు ఒక్క మాటతో తోసిపుచ్చుతుంది. మొత్తం మీద కాకుండా పద్దు పద్దుకూ లెక్క అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

చెక్కు నడిచే దారి

కర్నూలు చెక్కు నంద్యాలలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో సంగతి తేలిపోతుంది. ఇప్పుడు చెక్కు బదులు దాని చిత్రమే కంప్యూటరులో వెళుతోంది. డాలరు చెక్కుకు ఆ సౌకర్యం లేదు. శ్రీశైలం, సున్నిపెంట, ఆత్మకూరు వంటి చోట్ల ఉన్న శాఖల్లో అధిక భాగం విదేశీ మారకద్రవ్య వ్యవహారాలను సొంతంగా నడపవు. చెక్కును తీసుకుని, అందుకు అనుమతి ఉన్న పెద్ద శాఖకు పంపుతాయి. ఆ శాఖ విదేశంలో తమ బ్యాంకుకు ఖాతా ఉన్న మరో బ్యాంకుకు పంపుతుంది. దీన్నే కరెస్పాండెంట్ బ్యాంకు అంటారు. అది చెక్కు ఇచ్చిన వ్యక్తి బ్యాంకు ముందు పెడుతుంది. ఇలా మూడు నాలుగు చేతులు మారే సరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. చెల్లకపోతే అదే దారిలో వెనక్కి రావాలి. దారిలో ప్రతి మజిలీలోనూ ఒక రుసుము ఉంటుంది.

స్వామివారి హుండీ లెక్కింపులో డాలర్లు, దీనార్లు బయటపడుతూనే ఉంటాయి. నోటు సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది. చెక్కు అలా కాదు. చేతిలో ఉన్నంత మాత్రాన అది సొమ్ము కాదు. ఖాతాలో జమ అయినట్లు కనిపించినా ఒక్కోసారి అది సొమ్ము కాదు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

వసూలా? కొనుగోలా?

విదేశీ చెక్కును బ్యాంకు రెండు రకాలుగా తీసుకుంటుంది. మొదటిది వసూలు పద్ధతి. చెక్కు వెళ్లి, సొమ్ము విదేశంలోని బ్యాంకు ఖాతాలో పడ్డాకే ఇక్కడ రూపాయలు జమ చేస్తారు. రెండోది కొనుగోలు పద్ధతి. చెక్కును బ్యాంకు కొన్నట్లుగా భావించి ముందే రూపాయలు ఇస్తుంది. సొమ్ము రాకపోతే ఖాతాదారు నుంచి తిరిగి రాబట్టుకునే హక్కును అట్టిపెట్టుకుంటుంది. ఈ రెంటి నడుమ తాత్కాలిక జమ అని మరొకటి ఉంది. కరెస్పాండెంట్ బ్యాంకు ముందుగా జమ ఇచ్చి, తర్వాత చెక్కు తిరిగొస్తే ఆ జమను రద్దు చేస్తుంది.

కౌంటరులో సంతకం చేసిన కాగితంలో ఈ పద్ధతి ఏమిటో రాసి ఉంటుంది. దాన్ని చదివి సంతకం చేసేవారు అరుదు. చెక్కు తిరిగొచ్చాక మాత్రం వివాదమంతా ఆ కాగితం మీదే ఆధారపడుతుంది. ఎందుకన్నది ఒక లెక్కతో అర్థమవుతుంది. కింది అంకెలు ఏ బ్యాంకువీ కావు, కేవలం ఉదాహరణకు వేసుకున్నవి.

500 డాలర్ల చెక్కును బ్యాంకు కొనుగోలు పద్ధతిలో తీసుకుని, డాలరుకు 85 రూపాయల చొప్పున 42,500 రూపాయలు జమ చేసిందనుకుందాం. నెలన్నర తర్వాత చెక్కు తిరిగొచ్చింది. ఇచ్చిన 42,500 తిరిగి తీసుకుంటే సరిపోతుందని ఖాతాదారు భావిస్తారు. బ్యాంకు లెక్క వేరు. తాను రూపాయలిచ్చి డాలర్లు కొన్నానని, ఇప్పుడు అవే డాలర్లను ఖాతాదారుకు అమ్ముతున్నానని అంటుంది. కొనేది తక్కువ ధరకు, అమ్మేది ఎక్కువ ధరకు అన్నది మారకద్రవ్య వ్యాపారంలో మామూలే. అమ్మకం ధర ఆ రోజు 86.50 ఉంటే 43,250 రూపాయలు తీసుకుంటుంది. తేడా 750. విదేశీ బ్యాంకు 25 డాలర్ల రుసుము విధిస్తే అదీ అమ్మకం ధరకే లెక్కిస్తారు కాబట్టి 2,162.50. తమ శాఖ రుసుము 500, దానిపై 18 శాతం జీఎస్టీ 90. ముందుగా వాడుకున్న సొమ్ముపై 45 రోజులకు 12 శాతం వడ్డీ అంటే దాదాపు 629. అన్నీ కలిపి 4,130 రూపాయలు దాటింది. ఖాతాలోకి ఒక్క డాలరూ రాలేదు.

ఇదే చెక్కును వసూలు పద్ధతిలో ఇచ్చి ఉంటే పై లెక్కలో 750 రూపాయల మారకపు తేడాకు తావే లేదు. రూపాయలే ఇవ్వనప్పుడు కొన్న డాలర్లు లేవు, తిరిగి అమ్మేదీ లేదు. వడ్డీకీ అవకాశం లేదు. విదేశీ బ్యాంకు రుసుము, తమ బ్యాంకు రుసుము, దానిపై పన్ను, కొరియర్ ఖర్చు మాత్రమే మిగలాలి. వసూలుకు ఇచ్చిన చెక్కుపై మారకపు తేడా గానీ వడ్డీ గానీ పడిందంటే అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఇటువంటి పద్దు సాధారణంగా ఎవరూ విడిగా అడగరు కాబట్టే బయటపడదు.

పన్ను విషయంలోనూ ఒక మెలిక ఉంది. 2017 జులై 1 నుంచి బ్యాంకు రుసుములపై 18 శాతం జీఎస్టీ ఉంది. కరెన్సీ మార్పిడికి పన్ను లెక్క వేరు. లక్ష రూపాయల లోపు మార్పిడికి ఆ మొత్తంలో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను సేవా విలువగా తీసుకుని దానిపై 18 శాతం వేస్తారు. 42,500 రూపాయలకు ఈ లెక్కన 76.50 అవుతుంది. జమ చేసిన రోజున ఇది కోసి ఉంటే, ఆ జమే రద్దయినప్పుడు పన్ను సంగతి ఏమైందన్నది అడగదగిన ప్రశ్నే. ఏ రుసుమునైనా బ్యాంకు తప్పుగా వేశామని ఒప్పుకొని తిరిగి ఇస్తే, దానిపై వేసిన పన్నునూ కలిపి ఇవ్వమని కోరాలి. రుసుము వెనక్కి వచ్చి పన్ను ఉండిపోయిందేమో చూసుకోవడం మరువరాదు.

'తప్పు నాది కాదుగా' అంటే సరిపోదు

చెక్కు ఇచ్చిన వ్యక్తి ఖాతాలో డబ్బు లేకపోతే తానెందుకు భరించాలని ఖాతాదారు ప్రశ్నించడం సహజం. 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఒక ఆదేశాన్ని ఇందుకు ఉదహరించేవారూ ఉన్నారు. ఖాతాదారు తప్పిదం ఉంటేనే చెక్కు తిరుగు రుసుము వేయాలని అందులో ఉన్న మాట నిజమే. అయితే అది దేశంలోని చెక్కుల క్లియరింగుకు సంబంధించినది. విదేశీ చెక్కుకు యథాతథంగా అన్వయించలేం.

ఇక్కడ పనికొచ్చేది అంతకంటే చాలా పాతది.. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. వసూలు పద్ధతిలో బ్యాంకు ఖాతాదారుకు ఏజెంటు. ఏజెంటు చట్టబద్ధంగా చేసిన పనికి అయిన ఖర్చును యజమాని భరించాలని 222వ సెక్షను చెబుతోంది. విదేశీ బ్యాంకు నిజంగా 25 డాలర్లు కోసుకుంటే అది ఖాతాదారు మీద పడటానికి ఆధారం ఇదే. అదే చట్టంలో 213వ సెక్షను యజమాని కోరినప్పుడు ఏజెంటు సరైన లెక్కలు అప్పజెప్పాలని చెబుతోంది. ఏజెంటు అశ్రద్ధ వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలని 212వ సెక్షను చెబుతోంది. ఖర్చు తీసుకునే హక్కు ఎంత ఉందో లెక్క చెప్పే బాధ్యతా అంతే ఉంది. కౌంటరు వద్ద మొదటిది మాత్రమే వినిపిస్తుంది.

లెక్క అంటే పాసు పుస్తకంలోని అంకె కాదు. విదేశీ బ్యాంకు తమ ఖాతా నుంచి ఎంత కోసుకుందో తెలిపే డెబిట్ అడ్వైజు ప్రతి, చెక్కు ఏ కారణంతో తిరిగిందో తెలిపే మెమో, మారకపు ధర వేసిన తేదీ, ఆ రోజు బ్యాంకు ప్రకటించిన ధర, సొంత రుసుముకు ఆధారమైన రుసుముల పట్టిక.. ఇవన్నీ కలిస్తే లెక్క. విదేశీ బ్యాంకు 15 డాలర్లే తీసుకుని ఉంటే, ఇక్కడ 25 డాలర్ల రూపాయలు కోసిన సంగతి డెబిట్ అడ్వైజు చూస్తే తప్ప తెలియదు. పట్టికలో లేని రుసుము వేస్తే అడిగే హక్కు ఉంది. 2014 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలోని అయిదింటిలో పారదర్శకత ఒకటి, ఫిర్యాదు పరిష్కారం, పరిహారం పొందడం మరొకటి.

అసలు చెక్కు వెనక్కి ఇవ్వలేదన్నది మరో ఫిర్యాదు. అమెరికా చెక్కు విషయంలో ఇది బ్యాంకు తప్పు కాకపోవచ్చు. అక్కడ 2004 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అసలు చెక్కు స్థానంలో దాని చిత్రంతో ముద్రించిన ప్రత్యామ్నాయ పత్రం చెల్లుబాటవుతుంది. తిరిగొచ్చేదీ అదే కావచ్చు. ఆ పత్రాన్నయినా ఖాతాదారుకు ఇవ్వాలి. చెల్లని చెక్కును 24 గంటల్లోగా ఖాతాదారుకు పంపాలని రిజర్వు బ్యాంకు 2003లోనే బ్యాంకులకు చెప్పింది.

తేదీ తిరగబడితే

తిరుగు మెమోపై ఉండే కారణం చూడకుండా ఫిర్యాదు రాయడం చీకట్లో రాయి విసరడమే. ఎన్‌ఎస్‌ఎఫ్ అని ఉంటే ఇచ్చినవారి ఖాతాలో తగినంత సొమ్ము లేదని అర్థం. స్టాప్ పేమెంట్ అంటే ఇచ్చినవారే ఆపమన్నారు. ఈ రెంటిలో ఇక్కడి బ్యాంకు చేసేదేమీ ఉండదు. ఖర్చులు చెక్కు ఇచ్చినవారి నుంచే కోరాలి. స్టేల్ డేటెడ్ అని ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. చెక్కు గడువు దాటిపోయిందని దీని భావం.

మన దేశంలో 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువు మూడు నెలలు. అమెరికాలో సాధారణ చెక్కును ఆరు నెలలు దాటితే బ్యాంకు చెల్లించనవసరం లేదు. అక్కడ తేదీలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. 02/10 అని ఉంటే అది ఫిబ్రవరి 10. మన కళ్లకు అక్టోబరు 2. అక్టోబరు దాకా ఆగి వేసిన చెక్కు అప్పటికే గడువు దాటి ఎనిమిది నెలల పాతది అవుతుంది. ఈ పొరపాటు ఖాతాదారుదైతే నష్టం ఆయనదే. కానీ గడువు ఉండగానే చెక్కు శాఖలో వేసి, అది పెద్ద శాఖకు చేరడంలోనో కొరియర్‌లోనో నిద్రపోయి గడువు దాటితే అశ్రద్ధ బ్యాంకుది. అప్పుడు రుసుములే కాదు, ఆలస్యానికి పరిహారమూ కోరవచ్చు. చెక్కు వేసిన రోజున ముద్ర వేసి ఇచ్చిన స్లిప్పు ఉంటేనే ఇది నిరూపణ అవుతుంది. చెక్కును రెండు వైపులా ఫోను కెమెరాతో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. వసూలులో ఆలస్యానికి, దారిలో చెక్కు పోయినందుకు ఏమిస్తారో ప్రతి బ్యాంకుకూ బోర్డు ఆమోదించిన చెక్కుల వసూలు విధానం ఉంటుంది. శాఖలో అడిగితే చూపాలి.

అన్నదాన సంఘాలకు మరో గండం

శ్రీశైలంలోని సత్రాలు, అన్నదాన సంఘాలకు విదేశాల్లోని తెలుగువారి నుంచి విరాళాలు అందడం కొత్త కాదు. వీరికి తిరుగు రుసుము కంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దానికి వర్తిస్తుంది. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ మేరకు, విదేశీ విరాళాలు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. అటువంటి దాత చెక్కును స్థానిక ఖాతాలో వేయడమే పొరపాటు. దాత ఏ దేశ పౌరుడో కనుక్కోకుండా చెక్కు వేసి, అది తిరిగొచ్చి, రుసుములపై బ్యాంకుతో వాదనకు దిగితే అసలు చిక్కు అప్పుడు బయటపడుతుంది.

గల్ఫ్ చెక్కుల తీరు ఇంకో రకం. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. జీతం బకాయి కింద యజమాని ఇచ్చిన చెక్కును స్వదేశానికి తెచ్చుకోవడం కంటే అక్కడే మార్చుకుని రావడం మేలు. యూఏఈలో 2022 జనవరి 2 నుంచి చట్టం మారింది. ఖాతాలో చెక్కు మొత్తానికి సరిపడా లేకున్నా ఉన్నంత వరకు బ్యాంకు చెల్లించాలి. మిగిలినదానికి ఆ చెక్కు ఆధారంగానే నేరుగా అమలు కోర్టుకు వెళ్లవచ్చు. ఇక్కడ వేసి, తిరిగొచ్చాక మళ్లీ అక్కడికి వెళ్లి పోరాడటం సామాన్యుడికి తలకు మించిన పని. మన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను కింద ఇక్కడ కేసు వేయవచ్చన్న ఆశ కూడా పెట్టుకోరాదు. వేరే ఒప్పందం లేనప్పుడు విదేశీ చెక్కు ఇచ్చినవారి బాధ్యతను అది ఇచ్చిన చోటి చట్టమే నిర్ణయిస్తుందని అదే చట్టంలోని 134వ సెక్షను చెబుతోంది.

ముక్కూ మొహం తెలియని విదేశీయుడు ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలినది తిరిగి పంపమంటే అది మోసమేనని గ్రహించాలి. తాత్కాలిక జమను చూసి సొమ్ము పంపినవారికి ఆ తర్వాత చెక్కూ పోతుంది, పంపిందీ పోతుంది. ఈ సందర్భంలో బ్యాంకు అసలు సొమ్ము రాబట్టడాన్ని ప్రశ్నించడం కష్టం.

ఎక్కడ అడగాలి?

నోటి మాటగా అడిగితే నోటి మాటే సమాధానం. రాత్రిళ్లు మూసే అటవీ గేట్ల వేళలు చూసుకుని నల్లమల దాటి పెద్ద శాఖకు తిరగవలసిన పని లేదు. చెక్కు వేసిన శాఖలోనే తెలుగులో అర్జీ ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ వేయించుకోవాలి. అందులో ఖాతా నంబరు, చెక్కు నంబరు, వేసిన తేదీ, కోత పడిన తేదీలు, మొత్తాలు రాయాలి. వసూలుకు తీసుకున్నారా, కొనుగోలుకా చెప్పమనాలి. పైన చెప్పిన పత్రాల నకళ్లు అడగాలి. న్యాయమైన ఖర్చు భరించడానికి అభ్యంతరం లేదని, ఫలానా పద్దుకు ఆధారం చూపాలని, లేకుంటే పన్నుతో సహా తిరిగి జమ చేయాలని కోరాలి. ఇలా రాసిన అర్జీకి శాఖలోనే పరిష్కారం దొరికే అవకాశం ఎక్కువ.

ఖాతాలో నిల్వ లేనప్పుడు రుసుము పడి ఖాతా మైనస్‌లోకి వెళితే త్వరపడాలి. అదే ఖాతాకు వచ్చే పింఛను, పీఎం కిసాన్ వాయిదా 2,000 రూపాయలు ఆ మైనస్‌లో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతిని అర్జీలో ప్రత్యేకంగా రాసి, వివాదం తేలేవరకు ఆ సొమ్ము జోలికి రావద్దని కోరాలి.

30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబరు 12న వేర్వేరు పథకాలను కలిపి ఒకే అంబుడ్స్‌మన్ విధానం తెచ్చినప్పటి నుంచి ఏ ఊరివారు ఏ నగరానికి రాయాలన్న సందేహం లేదు. ఆన్‌లైన్‌లో గానీ, చండీగఢ్ సెక్టారు 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి తపాలాలో గానీ పంపవచ్చు. ఫీజు లేదు. న్యాయవాది ద్వారా దాఖలు చేయడానికి వీల్లేదు, అవసరమూ లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ వివరాలు చెబుతారు. బ్యాంకుకు ముందుగా రాయకుండా నేరుగా పంపిన ఫిర్యాదును మాత్రం తీసుకోరు. బ్యాంకు సమాధానం వచ్చాక జాప్యం చేయడమూ మంచిది కాదు.

వినియోగదారుల కమిషన్ మరో దారి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతానికి చెందిన జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా ఇబ్బంది లేదు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కోర్టులో గానీ కమిషన్‌లో గానీ నడుస్తున్న వివాదాన్ని అంబుడ్స్‌మన్ చేపట్టరు కాబట్టి, ముందు అంబుడ్స్‌మన్‌కు వెళ్లడమే తెలివైన పని. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

కాగితపు చెక్కు రోజులు ఎలాగూ దగ్గర పడుతున్నాయి. అమెరికా ప్రభుత్వం 2025 సెప్టెంబరు 30 తర్వాత తన చెల్లింపుల్లో కాగితపు చెక్కులను చాలావరకు ఆపివేసింది. ఆస్ట్రేలియా 2028 జూన్ ఆఖరుకు చెక్కుల జారీని, 2029 సెప్టెంబరు ఆఖరుకు స్వీకరణను ముగించనుంది. మన బ్యాంకుల్లోనూ కొన్ని విదేశీ చెక్కులు తీసుకోవడం మానేశాయి. కాబట్టి చెక్కు వేసే ముందే ఆ శాఖ దాన్ని తీసుకుంటుందా, తిరిగొస్తే ఎంత పడుతుంది అన్నది రాతపూర్వకంగా కనుక్కోవాలి. 50, 100 డాలర్ల చిన్న చెక్కయితే రుసుములు అసలును మింగేస్తాయి. దాన్ని వెనక్కి పంపి, నేరుగా ఖాతాకు బదిలీ చేయమని కోరడం చవక.